లింకన్ గది గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి: జాన్ నికోలే గురించి మాట్లాడుకుందాం

పాతకాగితం:
లింకన్ మీద ఈ వేదికలో ఇప్పటికే బోలెడు చర్చలున్నాయి, మళ్లీ ఇంకోటా అనుకోకండి. ఇది ఆయన ప్రైవేట్ సెక్రటరీ జాన్ జార్జ్ నికోలే గురించి. లింకన్ గురించి మనం చెప్పుకునే కబుర్లలో సగానికి సగం ఈయన చేతి మీదుగా వచ్చినవే. ఈయన పేరు మాత్రం ఎవరికీ పట్టదు.

పుట్టింది 1832లో, ఎస్సింగెన్ అనే జర్మన్ పల్లెలో. అప్పట్లో ఆ ప్రాంతం బవేరియా ఏలుబడిలో ఉండేది. ఆరేళ్ల వయసులో ఇంటిల్లిపాదీ ఓడెక్కి న్యూ ఆర్లీన్స్‌లో దిగారు. సిన్సినాటి, ఇండియానా, మిస్సోరి అంటూ తిరిగి తిరిగి చివరికి ఇల్లినాయ్‌లోని పైక్ కౌంటీ చేరారు. పిల్లాడికి చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. పెద్ద చదువేమీ లేదు. పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ‘పైక్ కౌంటీ ఫ్రీ ప్రెస్’ అనే వారపత్రికలో పనికుర్రాడిగా చేరాడు. సీసం అక్షరాలు ఏరడం, పేర్చడం, సిరా పుయ్యడం, కాగితం లాగడం. కొన్నేళ్లు తిరిగేసరికి అదే పత్రికకు సంపాదకుడు, యజమాని కూడా అయ్యాడు. అప్పటికి వయసు ఇరవై రెండో ఏమో. 1856లో పత్రిక అమ్మేసి, ఆ మరుసటేడు స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లి రాష్ట్ర కార్యదర్శి ఓజియాస్ హాచ్ దగ్గర గుమాస్తాగా కుదిరాడు. ఎన్నికల లెక్కల పుస్తకాలు ఈయన దగ్గరే ఉండేవి. ఏ కౌంటీలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూసుకోవడానికి లింకన్ అనే లాయరు తరచూ అక్కడికి వచ్చేవాడు. పరిచయం అలా ముదిరింది.

1860లో లింకన్‌కు అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కగానే, ఎన్నికల కోసం ఆయన జీవితచరిత్ర రాసే అవకాశం తనకే వస్తుందని నికోలే ఆశపడ్డాడు. అది విలియం డీన్ హోవెల్స్ అనే కుర్ర రచయితకు పోయింది. నికోలేకు దక్కింది సెక్రటరీ పని. ముప్పై ఏళ్ల తర్వాత ఆ జీవితచరిత్ర పది సంపుటాలై వచ్చింది, జాన్ హేతో కలిసి.

నా ప్రశ్న ఒకటే. యజమాని పక్కనే కూర్చున్నవాడు రాసిన చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారిగట్టు:
అన్నా, మన దగ్గర పీఏ గారిని పట్టుకుంటే చాలు పని అయిపోతుంది కదా, ఈయన కూడా అదే బాపతా? ఇంతకీ వైట్‌హౌస్‌లో అప్పుడు సిబ్బంది ఎంతమంది? జీతమెంత?

పాతకాగితం:
ఈయన దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు తమ్ముడూ. బక్కపలచని మనిషి, చిరునవ్వు తక్కువ, ముక్కుసూటి మాట. పక్క బల్ల దగ్గర పనిచేసిన స్టాడర్డ్ అనే మరో సెక్రటరీయే, గుమ్మం దగ్గర ఈయన కరకుదనం గురించి తర్వాత రాశాడు. 1861 మార్చిలో ఉద్యోగాల కోసం వచ్చిన జనం మెట్ల మీద నుంచి వరండా దాకా కిక్కిరిసి నిలబడితే, వాళ్లను ఆపాల్సింది ఈయనే మరి. పోస్టుమాస్టరు పని కావాలనేవాడొకడు, కాన్సల్ పదవి కావాలనేవాడొకడు. దేశం రెండు ముక్కలవుతుంటే వీళ్ల గోల వీళ్లది.

జీతం సంగతి: అధ్యక్షుడి ప్రైవేట్ సెక్రటరీకి ప్రభుత్వం జీతమివ్వడం మొదలైందే 1857లో, ఏడాదికి 2,500 డాలర్లు. అదీ ఒక్కరికే. అంతకుముందు అధ్యక్షులు తమ జేబులోంచి ఇచ్చుకునేవారు, లేదా బంధువుల్లో ఒక కుర్రాణ్ని పెట్టుకునేవారు. ఒక్కడివల్ల అయ్యే పని కాదని నికోలే తన స్నేహితుడు జాన్ హేను వెంట తెచ్చుకున్నాడు. పిట్స్‌ఫీల్డ్‌లో చదువుకునే రోజుల్లో పరిచయమైన కుర్రాడు, ఈయన కంటే ఆరేళ్లు చిన్న. హే జీతానికి చట్టంలో చోటు లేదు. అందుకని పెన్షన్ ఆఫీసులో గుమాస్తాగా పేరు రాయించి వైట్‌హౌస్‌లో పని చేయించారు. ఇద్దరూ అక్కడే పై అంతస్తులో ఒకే గదిలో పడుకునేవారు. రోజూ వందల్లో వచ్చే ఉత్తరాలు విప్పేది ఎక్కువగా స్టాడర్డ్. తిట్లూ బెదిరింపులూ చెత్తబుట్టలోకి, పైరవీలు ఆయా శాఖలకు. మిగిలిన కొద్దిపాటివే లింకన్ బల్ల మీదికి చేరేవి.

అంతర్యుద్ధం నడిపిన అధ్యక్షుడి కార్యాలయం మొత్తం ఇంతే. ఇప్పుడు మన దగ్గర జెడ్పీ చైర్మన్‌కి ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు.

మాధవి_వర్జీనియా:
పాతకాగితం గారూ, మంచి విషయం ఎత్తుకున్నారు. ఆయన చేతి మీదుగా అన్నారు కదా, అది అక్షరాలా నిజం. 1861 ఫిబ్రవరి 11న లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్ వదిలి వెళ్తూ స్టేషన్‌లో నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ ఊరికి మళ్లీ ప్రాణంతో రాలేదు. ముందే రాసుకున్న ప్రసంగం కాదది. రైలు కదిలాక విలేకరులు కాపీ కావాలంటే లింకన్ పెన్సిలు తీసుకుని రాయడం మొదలెట్టాడు. ఆ కాగితం స్కాన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉంది, పెద్దది చేసి చూడండి. మొదట్లో లింకన్ చేతిరాత, రైలు కుదుపులకు వంకరపోయి ఉంటుంది. కొన్ని వాక్యాల తర్వాత రాత మారిపోతుంది, అది నికోలేది. లింకన్ చెబుతుంటే ఈయన రాశాడు. మళ్లీ కాస్త లింకన్, మళ్లీ నికోలే.

గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో లింకన్ చేసిన ప్రసంగం సంగతీ అంతే. దానికి లింకన్ చేతిరాత ప్రతులు అయిదు మిగిలాయి. అన్నిటికంటే ముందుదిగా చెప్పేదాన్ని నికోలే ప్రతి అంటారు. మొదటి పేజీ ఎగ్జిక్యూటివ్ మాన్షన్ (వైట్‌హౌస్‌కు అప్పటి పేరు) అని అచ్చువేసిన కాగితం మీద సిరాతో. రెండోది వేరే రకం గీతల కాగితం మీద పెన్సిలుతో. మొదటి పేజీ చివరి మాటలు పెన్సిలుతో కొట్టేసి, రెండో పేజీకి అతికేలా పైన వేరే మాటలు రాసుకున్నాడు. ప్రసంగం రోజు పొద్దున, 1863 నవంబర్ 19న, బస చేసిన విల్స్ గారింట్లో లింకన్ గదికి వెళ్లి ఆ పని పూర్తయ్యేదాకా పక్కనే ఉన్నానని నికోలే రాశాడు. రైల్లో చిత్తు కాగితం మీద గీకేశాడన్న కథ మనం స్కూల్లో విన్నదే. 1894లో సెంచరీ పత్రికలో నికోలే రాసిన వ్యాసం దాన్ని కొట్టిపారేసింది.

లాయరు_బాబాయ్:
కొట్టిపారేసింది, సరే. కానీ ఆ వ్యాసంలోనే ఆయన ఇంకో మాటన్నాడమ్మా, చదివింది ఈ కాగితమే అని. అక్కడే నాకు గుటక పడదు. అక్కడుండి విన్న విలేకరులు తంతి ద్వారా పంపిన పాఠాల్లో, దేశం “దేవుడి నీడలో” కొత్త జన్మ ఎత్తాలన్న మాట ఉంది. నికోలే ప్రతిలో అది లేదు. ఇంకా కొన్ని తేడాలున్నాయి. లింకన్ మాట్లాడుతూ మాట్లాడుతూ కలిపాడని అనుకోవచ్చు. లేదా చేతిలో ఉన్నది వేరే కాగితమైనా కావచ్చు. సాక్షి నిజాయితీపరుడే అనుకుందాం. సంఘటన జరిగిన ముప్పై ఏళ్లకు ఇచ్చిన సాక్ష్యం, అదీ వస్తువు తన దగ్గరే ఉన్నవాడు ఇచ్చింది. నేను బోనెక్కిస్తే మొదట అడిగే ప్రశ్న అదే.

మాధవి_వర్జీనియా:
బాబాయ్ గారూ, కాగితానికి మడతలు కూడా ఉన్నాయి, కోటు జేబులో పెట్టుకున్నట్టు. పొద్దున పక్కన కూర్చుని చూసిన మాట వేరు, మధ్యాహ్నం వేదిక మీద చేతిలో ఏముందన్నది వేరు. మొదటిది నేను నమ్ముతాను. రెండోది మీరన్నట్టు తేలని పంచాయితీయే.

ఎర్రకలం:
అందరూ కాగితాల అందం చూసి మురిసిపోతున్నారు. అసలు ప్రశ్నకు రండి. ఆ పది సంపుటాల ‘అబ్రహాం లింకన్: ఎ హిస్టరీ’ అంకితం ఎవరికి? లింకన్ కొడుకు రాబర్ట్‌కి. కాగితాలిచ్చింది ఎవరు? ఆ రాబర్టే. చిత్తుప్రతి చదివి, నచ్చనిది తీసేయించే హక్కు ఎవరికి? మళ్లీ రాబర్ట్‌కే. తాత థామస్ లింకన్‌ను పనిదొంగలా చూపించిన వాక్యాలు ఆయనకు నచ్చక మెత్తబరిచారు. ఇది చరిత్రా, కుటుంబం వేయించిన శిలాశాసనమా?

ఇంకా ఘోరం వినండి. 1875లో నికోలే స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లి పాత స్నేహితులను కూర్చోబెట్టి మాట్లాడించాడు. లింకన్ మొదటి లా భాగస్వామి జాన్ స్టూవర్ట్, సెనేటర్ ఆర్విల్ బ్రౌనింగ్ లాంటివాళ్లను. 1841లో, తర్వాత భార్య అయిన మేరీతో పెళ్లి మాట చెడినప్పుడు లింకన్ వారం రోజులు మతిచలించినట్టు అయిపోయాడని బ్రౌనింగ్ చెప్పాడు. స్టూవర్ట్ ఆయన దిగులు స్వభావం గురించి చెప్పాడు. సంపాదకుడిగా పనిచేసినవాడు కదా, నికోలే శుభ్రంగా రాసుకున్నాడు. పుస్తకంలో? దాదాపు ఏమీ లేదు. ఆ నోట్సు అచ్చయింది 1996లో, మైకేల్ బర్లింగేమ్ వెలికితీశాక. నూట ఇరవై ఏళ్లు పెట్టెలో ఉన్నాయి.

అటుపక్క లింకన్ చివరి లా భాగస్వామి విలియం హెర్న్‌డన్, పుకార్లతో సహా అన్నీ 1889లో బయటపెట్టాడు. తప్పులున్నాయి. కానీ ఆ పుస్తకంలో ఒక మనిషి కనబడతాడు. వీళ్ల పది సంపుటాల్లో విగ్రహం కనబడుతుంది.

పాతకాగితం:
ఎర్రకలం గారూ, చెప్పినవన్నీ నిజాలే, తీర్పే తొందరపాటు.

వీళ్లు తటస్థులమని ఎప్పుడూ నటించలేదు. 1885లో హే నికోలేకు రాసిన ఉత్తరం ఒకటుంది. మనం అన్నీ తెలిసిన దేవదూతల్లా, ఎటూ మొగ్గకుండా రాయాలి, ఒక్క విషయంలో తప్ప, మనం నిలువెల్లా లింకన్ మనుషులం అని. అంత బాహాటంగా ఎంతమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు?

రెండోది, హెర్న్‌డన్‌కు వాషింగ్టన్ తెలీదు. వైట్‌హౌస్ లోపలి కాగితాలు ఆయన చూడలేదు. వీళ్లు చూశారు. 1874లో, బ్లూమింగ్టన్‌లో లింకన్ స్నేహితుడు డేవిడ్ డేవిస్ భద్రపరిచిన లింకన్ కాగితాల పెట్టెలను రాబర్ట్ నికోలేకు పంపించాడు. అప్పటికి ఈయన సుప్రీంకోర్టు మార్షల్. పారిస్‌లో కాన్సల్‌గా 1865 నుంచి నాలుగేళ్లు చేసి వచ్చాక దొరికిన ఉద్యోగం, 1872 నుంచి 1887 దాకా. కోర్టు అప్పట్లో కాపిటల్ భవనంలోనే ఉండేది. కోర్టుకు సెలవులిస్తే ఈయనకు రాతపని. కళ్లు సరిగ్గా కనబడని మనిషి, పదిహేనేళ్లు ఆ కాగితాలతోనే బతికాడు. 1886 నవంబర్ నుంచి సెంచరీ పత్రికలో ధారావాహికగా వచ్చింది, దానికి పత్రికవాళ్లు ఇచ్చింది 50,000 డాలర్లు. పుస్తకంగా 1890లో. ఆ మూల కాగితాలు రాబర్ట్ షరతు ప్రకారం ఆయన చనిపోయిన 21 ఏళ్లదాకా ఎవరికీ చూపించలేదు. 1947 జులై 26 అర్ధరాత్రి దాటాక తెరిచారు. అంటే యాభై ఏడేళ్లపాటు ఆ కాగితాల్లోకి లోకానికున్న ఒకే ఒక కిటికీ ఈ పుస్తకం.

గోదారిగట్టు:
అర్ధరాత్రి తెరిచారా! ఏం దొరికింది మరి? గూఢచర్యం గట్రా ఏమైనా?

పాతకాగితం:
కుట్రలేవో బయటపడతాయని చాలామంది ఎదురుచూశారు. ఏమీ లేదు. ఎక్కువభాగం ఆయనకొచ్చిన ఉత్తరాలే, ఉద్యోగాలివ్వమని, సలహాలు తీసుకోమని. ముఖ్యమైనవాటిని నికోలే, హే ముందే వాడేసుకున్నారు. ఎర్రకలం గారు గమనించాలి: దాచిందంతా ఇంటి విషయాల్లో. రాజ్యం విషయాల్లో పెద్దగా దాచింది కనబడలేదు.

ఎర్రకలం:
ఇంటి విషయం చిన్నదని ఎవరన్నారు? 1862 ఫిబ్రవరి 20 సాయంత్రం కొడుకు విల్లీ చనిపోయాక లింకన్ నేరుగా వచ్చింది నికోలే గదికే. “నికోలే, నా బిడ్డ పోయాడు, నిజంగానే పోయాడు” అని, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట నికోలే డైరీలో రాసుకున్న ఆ రెండు ముక్కలు ఆ పది సంపుటాలకు సమానం నా దృష్టిలో. అలా రాయగలిగినవాడు అచ్చులో ఎందుకలా బిగుసుకుపోయాడన్నదే నా బాధ.

సుశీలమ్మ_కథలు:
మేరీ లింకన్‌తో గొడవ సంగతి ఎవరూ ఎత్తరేం? నికోలే, హే ఇద్దరూ ఆవిణ్ని చాటుగా హెల్‌క్యాట్ (గయ్యాళి) అని పిలుచుకునేవాళ్లు. లింకన్‌కేమో టైకూన్ అనీ, ఇంకా ముద్దుపేర్లూ. నాకైతే ఆవిడ మీద జాలే. కొడుకు పోయిన తల్లి, ఊరంతా నోరు పారేసుకునే మనిషి మీద, జీతగాళ్లు కూడానా.

1864 జనవరిలో మంత్రులకు విందు. పిలిచేవాళ్ల జాబితాలోంచి ఛేజ్ మంత్రి గారినీ, ఆయన కూతురు కేట్‌నీ, అల్లుడు స్ప్రేగ్‌నీ మేరీ కొట్టేసింది. కేట్ అంటే ఆవిడకు మొదటి నుంచీ పడదు. నికోలే జాబితా తీసుకెళ్లి లింకన్‌కు చూపించాడు. ఆయన పేర్లు మళ్లీ చేర్చమన్నాడు. ఇక ఇంట్లో పెద్ద రభస. విందు ఏర్పాట్లలో వేలు పెట్టొద్దని నికోలేకు ఆవిడ ఆజ్ఞ. తీరా ఆ రోజు రానే వచ్చింది, పని చేతకాక మధ్యాహ్నం కబురు పెట్టి, క్షమించమని, వచ్చి చూసుకోమని అడిగింది. ఈయన వెళ్లి చేసిపెట్టాడు. ఇవన్నీ హేకు రాసిన ఉత్తరంలో ఉన్నాయి. మొగవాళ్లు కబుర్లాడుకోరని ఎవరన్నారు!

1865 వసంతానికి ఇద్దరూ పారిస్ ఉద్యోగాలు చూసుకోవడానికి ఇదీ ఒక కారణమే. నికోలే స్థానంలోకి నోవా బ్రూక్స్ అనే విలేకరి రావలసింది, ఆవిడకు ఇష్టమైనవాడు.

మాధవి_వర్జీనియా:
వచ్చేలోపే లింకన్‌ను కాల్చిన ఏప్రిల్ 14 వచ్చింది. సుశీలమ్మ గారూ, ఆ రాత్రి నికోలే వాషింగ్టన్‌లో లేడు. అంతర్యుద్ధం మొదలైన ఫోర్ట్ సమ్టర్ కోట మీద మళ్లీ జెండా ఎగరేసే వేడుకకు చార్ల్స్టన్ వెళ్లాడు. తిరిగొస్తుంటే చెసపీక్ అఖాతం దగ్గర దారి చూపించడానికి ఓడెక్కిన పైలట్ చెప్పాడు, అధ్యక్షుణ్ని చంపేశారని. మొదట ఎవరూ నమ్మలేదు. ఒడ్డు దగ్గరయ్యేకొద్దీ సగం దించిన జెండాలు కనబడ్డాయి. కాబోయే భార్య థెరీనా బేట్స్‌కు ఓడ మీది నుంచే ఉత్తరం రాశాడు. ఆ జూన్‌లో పిట్స్‌ఫీల్డ్‌లో పెళ్లి చేసుకుని పారిస్ వెళ్లారు. వాళ్ల కూతురు హెలెన్ అక్కడే పుట్టింది. తండ్రి జీవితం తర్వాత పుస్తకంగా రాసింది ఆవిడే.

లాయరు_బాబాయ్:
ఈయన్ని మరీ ఆఫీసు బల్లకు కట్టేయకండి. 1862 వేసవిలో ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసుల) వ్యవహారాల కమిషనర్ డోల్‌తో కలిసి, ఓజిబ్వే తెగవాళ్లతో ఒప్పందం కోసం మిన్నెసోటా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే డకోటా అనే మరో తెగతో యుద్ధం రాజుకుంది. సగం రాష్ట్రం భయంతో పారిపోతోందని సెయింట్ పాల్ నుంచి తంతి పంపినవాళ్లలో నికోలే ఒకడు. తర్వాత పత్రికలో ఆ యుద్ధం మీద వ్యాసం కూడా రాశాడు, పూర్తిగా తెల్ల వలసదారుల కళ్లతో. భూములు పోయి, ఇస్తామన్న సొమ్ము సమయానికి అందక, తిండి లేక డకోటాలు తిరగబడ్డారన్న సంగతి ఆయనకు పెద్దగా పట్టలేదు. సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష వేస్తే, లింకన్ ఒక్కో కాగితం తెప్పించుకుని చూసి చాలామటుకు కొట్టేశాడు. అయినా డిసెంబర్ 26న మంకేటోలో 38 మందిని ఉరితీశారు. ఈ విషయంలో సెక్రటరీ చూపు యజమాని చూపు కంటే ఇరుకు.

ఎర్రకలం:
ఇదిగో, ఇది కావాలి. కుటుంబం చెప్పినట్టు రాశాడు అన్నది ఒక్క మచ్చే కాదన్నమాట.

పాతకాగితం:
ఒప్పుకుంటాను, ఆ వ్యాసం ఇప్పుడు చదవలేం.

ఇంకో మచ్చ నేనే చెబుతా. 1890ల్లో ఐడా టార్బెల్ అనే విలేకరి, ఎస్.ఎస్. మెక్‌క్లూర్ పత్రిక కోసం లింకన్ మీద రాయబోతూ నికోలే సాయం అడిగింది. ఈయన మొహమాటం లేకుండా పొమ్మన్నాడు. జనం చదివే లింకన్ జీవితం మీరు రాస్తే నా ఆస్తి విలువ తగ్గుతుంది అన్నాడట. ఆస్తి! ఆవిడ ఊరుకుందా, నేరుగా కెంటకీ, ఇండియానా, ఇల్లినాయ్ కోర్టు రికార్డులు తిరగేసి, వీళ్లు చూడని కాగితాలు పట్టుకొచ్చింది.

గోదారిగట్టు:
మెక్‌క్లూర్ అంటే ఉపాధ్యక్షుడి విషయంలో నికోలేతో తగువు పెట్టుకున్నాయనేనా?

పాతకాగితం:
కాదు, ఇద్దరూ వేరు. తగువు పెట్టుకున్నది అలెగ్జాండర్ మెక్‌క్లూర్, ఫిలడెల్ఫియా టైమ్స్ సంపాదకుడు. 1864లో అప్పటి ఉపాధ్యక్షుడు హానిబల్ హామ్లిన్‌ను పక్కనపెట్టి ఆండ్రూ జాన్సన్‌ను ఉపాధ్యక్షుడిగా నిలబెట్టారు కదా. 1891 జులైలో హామ్లిన్ చనిపోయినప్పుడు, అదంతా లింకన్ తెరవెనక నుంచి చేయించిందే, నాకు స్వయంగా చెప్పాడు అని మెక్‌క్లూర్ రాశాడు. నికోలే వెంటనే హామ్లిన్ భార్యకు తంతి కొట్టాడు, అది పచ్చి అబద్ధమని. తర్వాత ఇద్దరు ముసలి సంపాదకులూ పత్రికల్లో బండబూతులు తప్ప అన్నీ తిట్టుకున్నారు.

నికోలే చేతిలో కాగితం ఉంది. అభ్యర్థులను తేల్చే బాల్టిమోర్ పార్టీ మహాసభలో ఉండి ఆయన హేకు రాసిన ఉత్తరం మీద, ఉపాధ్యక్షుడి విషయంలో నేను జోక్యం చేసుకోను, అది సభే తేల్చుకోవాలి అని లింకన్ రాసిచ్చాడు. మెక్‌క్లూర్‌కున్నది జ్ఞాపకం.

లాయరు_బాబాయ్:
కాగితం ఉన్నంత మాత్రాన గెలిచినట్టు కాదయ్యా. రాజకీయ నాయకుడు జోక్యం చేసుకోనని రాతపూర్వకంగా ఇవ్వడమూ, నోటిమాటగా ఒకరిద్దరికి చెప్పడమూ ఒకేసారి జరగొచ్చు. ఇరవై ఏడేళ్ల తర్వాతి జ్ఞాపకాన్ని నేనూ నమ్మను. కానీ గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి లోపల ప్రతి మాటా వినబడుతుందన్న ధీమా కూడా నమ్మదగింది కాదు.

సుశీలమ్మ_కథలు:
కేట్ ఛేజ్ మీద వేరే చర్చ మొదలెట్టనా? ఆవిడ కథ దీనికంటే రంజుగా ఉంటుంది.

ఎర్రకలం:
మొదలెట్టండి. నేను ఈలోపు బర్లింగేమ్ అచ్చువేయించిన ఆ 1875 నోట్సులో స్టూవర్ట్ చెప్పిన భాగం తెలుగులో రాసి ఇక్కడే పెడతాను. పది సంపుటాలతో పక్కపక్కన పెట్టి చూసుకుందాం. పాతకాగితం గారూ, మొదటి సంపుటంలో పెళ్లి గురించిన పేజీలు మీరు తీసి ఉంచండి.